డిస్క్ బ్రేకు కీచుమంటోందా, పట్టడం లేదా? టైట్ చేసే ముందు ఇవి చూడండి

గేర్ల సైకిలు తెచ్చిన పిల్లలు నన్ను అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “అంకుల్, బ్రేకు పట్టట్లేదు, కాస్త టైట్ చేసి పెట్టరా?” సైకిలు తీసుకుని రెండడుగులు తోసి లీవర్ నొక్కితే కీచుమని వీధి చివరిదాకా వినిపిస్తుంది. అలాంటి బ్రేకుని టైట్ చేస్తే అరుపు పెరుగుతుంది తప్ప పట్టు పెరగదు. డిస్క్ బ్రేకు బలం అంతా చక్రంతో పాటు తిరిగే పల్చటి ఉక్కు డిస్కుకీ, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కే ప్యాడ్లకీ మధ్య రాపిడిలోనే ఉంది. ఆ మధ్యకి కాస్త నూనె చేరిందంటే ఎంత గట్టిగా నొక్కినా ప్యాడ్ జారుతుంది. జారుతూ, పట్టుకుంటూ, మళ్లీ జారుతూ ఉంటే డిస్కు వణుకుతుంది. మనకి వినబడే కీచు ఆ వణుకే.

నేను విశాఖ స్టీల్ ప్లాంట్లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఇంటి ముందు షెడ్డులో చుట్టుపక్కల పిల్లల సైకిళ్లు చూస్తుంటాను. సర్వీసులో ఉన్నప్పుడు చాలా కాలం క్రేన్ల బ్రేకుల మీద పని. బ్రేకు డ్రమ్ము మీద గ్రీజు మరక కనిపిస్తే, దాన్ని తుడిచి, ఆ గ్రీజు ఎక్కణ్నుంచి వచ్చిందో తేలేదాకా మేం క్రేన్ ఇచ్చేవాళ్లం కాదు. సైకిలు బ్రేకుకీ నా పద్ధతి అదే. ముందు చూడాలి, తర్వాత శుభ్రం చేయాలి, ఆ తర్వాతే పానా పట్టుకోవాలి.

మీ సైకిలు ఏ బాధ పడుతోందో ముందు తేల్చుకోండి. అరుపూ ఉంది, పట్టూ లేదు అంటే నూటికి తొంభై పాళ్లు నూనో జిడ్డో పడింది. పట్టు బాగానే ఉంది, అరుపు మాత్రమే ఉంది అంటే ఎక్కడో బోల్టు వదులైంది, లేదా ప్యాడ్లని పట్టి ఉంచి డిస్కుని నొక్కే భాగం, అంటే కాలిపర్, వంకరగా కూర్చుంది. అరుపేమీ లేదు, లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది కానీ బండి ఆగట్లేదు అంటే వైరు సాగడమో, ప్యాడ్లు అరగడమో, వైరు బదులు నూనె ఒత్తిడితో నడిచే ఆయిల్ బ్రేకైతే లోపల గాలి చేరడమో అయుంటుంది. వానలో తడిసినప్పుడు మాత్రమే నాలుగు చుట్లు అరిచి ఊరుకుంటే దాని జోలికి వెళ్లకండి. డిస్కు మీద నీళ్లు ఆరగానే అదే పోతుంది. ఈ లెక్క తేలకుండా కొత్త ప్యాడ్లు కొంటే ఆ కొత్తవి కూడా వారంలో అరవడం మొదలుపెడతాయి.

నూనె ఎక్కణ్నుంచి వచ్చింది

నేను చూసిన వాటిలో మొదటి కారణం వాటర్ వాష్. మోటారు సైకిళ్లు కడిగే షాపులో సైకిలు కూడా ఇచ్చేస్తారు. కడిగాక మెరుపు కోసం వాళ్లు బండంతా డీజిలో, పాలిషో స్ప్రే కొడతారు. మోటారు సైకిలుకే అది మంచిది కాదు, సైకిలు డిస్కుకైతే ఒక్కసారి చాలు. కడిగించాల్సి వస్తే “స్ప్రే వద్దు, నీళ్లు, షాంపూ మాత్రమే” అని దగ్గర నిలబడి చెప్పండి. ఇంట్లో బకెట్ నీళ్లతో కడుక్కోవడం ఇంకా మంచిది.

రెండోది చైన్ స్ప్రే. వెనక డిస్కు చైనుకి అటువైపు ఉంటుంది కదా అని ధైర్యంగా కొట్టేస్తారు. స్ప్రే తుంపర పుల్లల మధ్య నుంచి దూరి అటువైపు డిస్కు మీద వాలుతుంది. చైనుకి చుక్కలుగా వేసే నూనె వాడండి, ఒక్కో లింకుకి ఒక్క చుక్క, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. స్ప్రే తప్ప ఇంకేదీ లేదంటే డిస్కునీ కాలిపర్నీ ప్లాస్టిక్ కవరుతో కప్పి కొట్టండి.

మూడోది మన చేతివేళ్లే. డిస్కు బాగా మెరుస్తుంటుంది, పిల్లలకి ముట్టుకోబుద్ధేస్తుంది. చైను సర్దిన వేలుతో డిస్కుని తాకితే ఆ వేలిముద్రే ప్యాడ్ మీదకి ఎక్కుతుంది. పైగా తిరుగుతున్న డిస్కు దగ్గర వేలు పెడితే తెగిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే సైకిలు తలకిందులుగా పెట్టి చక్రం తిప్పి ఆడుకోనివ్వకండి, ఈ ఒక్క విషయంలో మాత్రం కఠినంగానే ఉండండి.

ఇవేవీ కాకపోతే అసలు అనుమానం కాలిపర్ మీదే. ఆయిల్ బ్రేకులో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు పాడైతే లోపలి నూనె చెమర్చి ప్యాడ్ వెనక్కి చేరుతుంది. ముందు చక్రమైతే షాకబ్జార్బర్ ఫోర్క్ సీలు నుంచి కారిన నూనె కూడా కింద కాలిపర్ దాకా జారుతుంది. ప్యాడ్ విప్పినప్పుడు రాపిడి వైపే కాదు, వెనక ఇనప పలక కూడా చూడండి. వెనక తడిగా ఉందంటే నూనె లోపలి నుంచి వస్తోందని అర్థం. అప్పుడు ఎన్ని జతల ప్యాడ్లు మార్చినా డబ్బు దండగ.

కావలసిన సామాను

5 ఎం.ఎం. ఎలెన్ కీ, డిస్కు బోల్టులకి టి25 స్టార్ కీ, ఒక టార్చి, నూట ఇరవై నంబరు ఉప్పుకాగితం, పాత తెల్ల బనియన్లు రెండు మూడు. బనియన్ ఉతికి ఆరేసినదై ఉండాలి, కానీ బట్టలు మెత్తబడటానికి వేసే లిక్విడ్‌లో ముంచినది కాకూడదు. అది గుడ్డలో జిడ్డు పొరని మిగులుస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు, వాళ్లు బోర్డులు తుడవడానికి వాడేది అదే. సీసా మీద 99 శాతం అని ఉందో లేదో చూసి తీసుకోండి. చేతులకి రాసుకునే శానిటైజర్ దీనికి పనికిరాదు. చర్మం ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది డిస్కు మీద మిగిలిపోతుంది. కిరసనాయిలు, డీజిలు, తుప్పు వదిలించే స్ప్రేలు ఈ బ్రేకు చుట్టుపక్కలకి రాకూడదు. పెట్రోలుతో తుడిస్తే పోతుందని కొందరు చెబుతారు. అది ఆరాక కూడా మరక వదులుతుంది, అంటుకునే ప్రమాదం వేరే. ఐపీఏ కూడా మండేదే. వంటింట్లో వాడకండి, వేడెక్కిన డిస్కు మీద పోయకండి.

విప్పి చూడటం

చక్రం తీయండి. ఆయిల్ బ్రేకైతే చక్రం బయట ఉన్నంతసేపూ లీవర్ నొక్కకూడదు. నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చి ప్యాడ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, మళ్లీ డిస్కు దూరదు. కొత్త సైకిలుతో వచ్చే పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్క దీనికోసమే. అది పారేసి ఉంటే మందపాటి అట్టముక్క మడిచి ప్యాడ్ల మధ్య పెట్టండి.

ప్యాడ్లని పట్టి ఉంచే పిన్నో బోల్టో తీస్తే రెండు ప్యాడ్లూ వాటి మధ్య ఉన్న పల్చటి స్ప్రింగుతో సహా బయటికి వస్తాయి. పిన్ను చివర చిన్న క్లిప్పు ఉంటుంది, పడిపోతే దొరకదు, పళ్లెంలో వేసుకోండి. ఎడమది ఎడమవైపు, కుడిది కుడివైపు గుర్తుపెట్టుకుని పరచండి.

ఇప్పుడు టార్చి వేసి ప్యాడ్ ముఖం దగ్గరగా చూడండి. మంచి ప్యాడ్ అంతటా ఒకే రంగులో, గరుగ్గా, కాంతిని పీల్చేస్తూ కనిపిస్తుంది. నిగనిగలాడుతుంటే అది వేడికి మాడి పైపొర గట్టిపడింది. ఒక పక్క నల్లగా, తడి ఆరిన మరకలా ఉంటే నూనె తాగింది. ఒక చివర ఎక్కువ అరిగి ఇంకో చివర మందంగా ఉంటే కాలిపర్ వంకరగా కూర్చుంది. ప్యాడ్ ముఖం మీద సన్నటి ఇసుక రేణువులు గుచ్చుకుని ఉంటే సూదితో తీసేయండి. బీచ్ రోడ్డులో తిరిగే సైకిళ్లకి ఇది మామూలే.

మందం కూడా ఇప్పుడే చూడాలి. షిమానో కంపెనీ ప్యాడ్లలో రాపిడి పదార్థం 0.5 ఎం.ఎం. దాకా వచ్చిందంటే మార్చేయాలి. శ్రామ్ కంపెనీ వాళ్ల లెక్క ఇనప పలకతో కలిపి 3 ఎం.ఎం. నేను అంతదాకా ఆగను, 1 ఎం.ఎం. మిగిలిందనగానే కొత్తవి తెప్పించుకుంటాను. ఎందుకంటే ప్యాడ్ పూర్తిగా అరిగితే ఇనప పలకే డిస్కుని గీరుతుంది, అప్పుడు రెండూ పోతాయి. డిస్కుకీ ఆయుష్షుంది. షిమానో డిస్కు కొత్తగా 1.8 ఎం.ఎం. మందం, 1.5కి వచ్చాక వాడకూడదని దాని మీదే చెక్కి ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్‌తో ప్యాడ్ తగిలే చోట కొలవండి, అరగని అంచు దగ్గర కాదు.

డిస్కు శుభ్రం

డిస్కు మీద కంటికి జిడ్డు కనిపిస్తుంటే ముందు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో, వేడినీళ్లతో, కొత్త స్క్రబ్బరుతో కడగండి. అంట్లు తోమి నూనె పట్టిన స్క్రబ్బర్ వద్దు. బాగా నీళ్లు పోసి ఆరబెట్టండి. తర్వాత బనియన్ గుడ్డకి ఐపీఏ తడిపి రెండు వైపులా తుడవండి. ఒక చుట్టు తుడిచాక గుడ్డ ముఖం మార్చాలి. అదే మడతతో మళ్లీ తుడిస్తే తీసిన జిడ్డునే తిరిగి పూస్తున్నట్టు. డిస్కు మీది రంధ్రాల అంచుల్లో మురికి దాక్కుంటుంది, అక్కడ గుడ్డని వేలితో నొక్కి తిప్పండి. గుడ్డకి బూడిద రంగు కొంచెం ఎప్పుడూ అంటుతూనే ఉంటుంది, అది పాత ప్యాడ్ పొర. నల్లటి జిడ్డు రావడం ఆగితే చాలు.

తర్వాత ఉప్పుకాగితంతో డిస్కు ముఖాన్ని తేలిగ్గా రుద్దండి. మెరుపు తగ్గి సన్నటి గీతలు కనిపిస్తే సరిపోతుంది, అరగదీయక్కర్లేదు. మళ్లీ ఒకసారి ఐపీఏతో తుడవండి. ఇక దాన్ని అంచుల దగ్గర తప్ప ముట్టుకోకండి.

ప్యాడ్ల సంగతి

ఉప్పుకాగితాన్ని గచ్చు మీద కాదు, గ్రానైట్ బండ మీదో అద్దం ముక్క మీదో పరచండి. బండ సమంగా లేకపోతే ప్యాడ్ కూడా సమంగా అరగదు. ప్యాడ్ ముఖాన్ని దాని మీద ఆనించి, ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దండి. పైపొర నిగనిగ పోయి అంతటా ఒకే రంగు వచ్చేదాకా చాలు. ఆ ధూళి పీల్చకూడదు, మాస్క్ పెట్టుకోండి, నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడిచేయండి.

మాడిన ప్యాడ్ దీంతో బాగైపోతుంది. నూనె తాగిన ప్యాడ్ విషయం వేరు. ఎక్కువ సైకిళ్లకి వచ్చే రెజిన్ ప్యాడ్ లోపల సన్నటి ఖాళీలుంటాయి, నూనె లోతుకి దిగిపోతుంది. పైన గీకితే ఆ రోజుకి బాగుంటుంది, వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. గ్యాసు మంట మీద కాలిస్తే నూనె పోతుందని చాలామంది చేస్తుంటారు. పొగ మంచిది కాదు, పలకకి ప్యాడ్‌ని అంటించిన జిగురు వేడికి దెబ్బతింటే ప్యాడ్ ఊడి వచ్చే అవకాశముంది. కొండ దిగేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. నేనైతే పిల్లల సైకిలుకి కాల్చిన ప్యాడ్ వేసి పంపను. ఒకసారి గీకి చూస్తాను, మళ్లీ అరిస్తే పారేస్తాను.

కొత్తవి కొనేటప్పుడు పాత ప్యాడ్ చేతిలో పట్టుకుని వెళ్లండి. ఆకారం, పిన్ను రంధ్రం చోటు సరిపోవాలి. మీ డిస్కు మీద రెజిన్ ప్యాడ్ ఓన్లీ అని చెక్కి ఉంటే మెటల్ ప్యాడ్లు వేయకూడదు, ఆ డిస్కు మెత్తటి ఉక్కుతో చేసింది, మెటల్ ప్యాడ్ దాన్ని త్వరగా తినేస్తుంది. అలాంటి రాత లేకపోతే ఏది కావాలో మీ ఇష్టం. రెజిన్ తక్కువ అరుస్తుంది, మొదటి నొక్కులోనే పడుతుంది, త్వరగా అరుగుతుంది. మెటల్ వేడినీ బురదనీ తట్టుకుంటుంది కానీ తడిస్తే ఎక్కువ అరుస్తుంది. మన వైపు ఊళ్లో తిరిగేవాళ్లకి రెజిన్ చాలు.

పట్టు ఉంది, అరుపు మాత్రమే అంటే

ముందు డిస్కు బోల్టులు. ఆరు బోల్టుల డిస్కైతే టి25తో ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. ఎంత బిగువు అన్నది కంపెనీని బట్టి మారుతుంది. షిమానోది 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, శ్రామ్‌ది 6.2. టార్క్ పానా లేకపోతే కీ పొడుగు వైపు పట్టుకుని వేలాడకండి, ఆ బోల్టుల తల చిన్నది, స్టార్ గాడి చెడిపోతే తీయడం నరకం. చక్రం మధ్యలోని హబ్‌లో ఆట, అంటే వదులు, ఉందేమో, ఫోర్క్ తలలో ఆట ఉందేమో చూడండి. ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక తెలుస్తుంది. చక్రం పక్కలకి ఊపితే హబ్ ఆట తెలుస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లివర్ సరిగా కూర్చోకపోయినా ఇదే గోల. సైకిలు రెండు చక్రాల మీద నేల మీద నిలబెట్టి, ఆ లివర్ విప్పి, చక్రం పూర్తిగా లోపలికి కూర్చున్నాక మళ్లీ బిగించండి.

తర్వాత కాలిపర్. దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులనీ అది అటూ ఇటూ కదిలేంత వదులు చేయండి. లీవర్ గట్టిగా నొక్కి రబ్బరు బ్యాండుతో కట్టేయండి. ప్యాడ్లు డిస్కుని పట్టుకున్నప్పుడు కాలిపర్ తనంతట తాను మధ్యకి వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ఒక బోల్టు పావు చుట్టు, రెండోది పావు చుట్టు, అలా మార్చి మార్చి బిగించండి. ఒకదాన్ని ఒకేసారి బిగిస్తే కాలిపర్ దానితో పాటు తిరిగి మళ్లీ వంకర అవుతుంది. చివరి బిగువు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. లీవర్ వదిలి, చక్రం వెనక తెల్లకాగితం పెట్టి కాలిపర్ సందులోంచి చూడండి. డిస్కుకి రెండు వైపులా సన్నటి తెల్లగీత కనిపించాలి. ఒకవైపు గీత లేకపోతే ఒక బోల్టు కొద్దిగా వదిలి వేలితో జరిపి బిగించండి. ఈ పని తొందరలో చేయకండి, టీ తాగి వచ్చి మళ్లీ చూడండి.

చక్రం తిప్పితే ఒక్కచోట మాత్రమే సర్రుమంటోందంటే డిస్కు వంగింది. చల్లగా ఉన్నప్పుడు, శుభ్రమైన గుడ్డ చుట్టిన స్క్రూ పానాతో ఆ చోట పట్టుకుని అతి కొంచెం వంచండి, తిప్పి చూడండి, మళ్లీ కొంచెం. ఒకేసారి సరిచేద్దామనుకుంటే అటువైపు వంగిపోతుంది.

వైరు బ్రేకు

తక్కువ ధర సైకిళ్లకి ఎక్కువగా వచ్చేది ఇదే, దీన్నే ఎక్కువగా పాడుచేస్తారు. చాలా వైరు కాలిపర్లలో ఒక ప్యాడే కదులుతుంది. బయటి ప్యాడ్ డిస్కుని నెట్టి లోపలి ప్యాడ్‌కి ఆనిస్తుంది. లోపలిది కదలదు. ప్యాడ్లు అరిగాక ఏం చేస్తారంటే వైరు లాగి టైట్ చేస్తారు. దాంతో కాలిపర్ మీద వైరు లాగే చెయ్యి ముందే సగం తిరిగిపోతుంది, లీవర్ నొక్కితే మిగిలిన దూరంలో దానికి బలం ఉండదు. పైగా డిస్కు ప్రతి నొక్కుకీ లోపలికి వంగాలి. పట్టదు, అరుస్తుంది.

సరైన పద్ధతి ఇది. వైరు బోల్టు వదులు చేసి ఆ చేతిని పూర్తిగా వెనక్కి వెళ్లనివ్వండి. కాలిపర్ పుల్లల వైపు చిన్న గుండీ ఉంటుంది, కొన్నింటిలో ఎలెన్ కీ గాడి. దాన్ని తిప్పితే లోపలి ప్యాడ్ డిస్కు వైపు జరుగుతుంది. డిస్కుకి తగిలేదాకా తిప్పి, రాపిడి లేకుండా ఉండేంత మాత్రం వెనక్కి తీయండి. ఇటువైపు ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది. ఇప్పుడు వైరుని చేత్తో లాగి, చేయి కదలకుండా, వదులు లేకుండా బిగించండి. లీవర్ దగ్గరున్న అడ్జస్టర్‌తో చివరి సర్దుబాటు మాత్రం చేయండి. ఆ తర్వాత ప్యాడ్లు అరిగినప్పుడల్లా ముందు ఆ గుండీ తిప్పాలి, వైరు జోలికి తర్వాత వెళ్లాలి.

విశాఖలో, భీమిలి వైపు ఉండేవాళ్లు వైరు తొడుగు కూడా చూడాలి. డిస్కు స్టెయిన్‌లెస్ స్టీలే కానీ వైరుకీ బోల్టులకీ ఉప్పుగాలి గట్టిగానే పడుతుంది. లీవర్ నొక్కి వదిలితే బద్ధకంగా తిరిగొస్తోందంటే లోపల తుప్పు పట్టింది. వైరూ తొడుగూ రెండూ మార్చేయండి, ఖర్చు తక్కువ, తేడా వెంటనే తెలుస్తుంది. పాత తొడుగులో నూనె పోస్తే ఆ నూనె జారి జారి కాలిపర్ దాకా వెళ్తుంది, మళ్లీ మొదటికి వస్తాం.

ఆయిల్ బ్రేకు

లీవర్ స్పాంజిలా మెత్తగా ఉండి, గబగబా నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడుతోందంటే లోపల గాలి ఉంది, దాన్ని బయటికి తీసే బ్లీడింగ్ చేయాలి. నొక్కి పట్టుకుంటే మెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతోందంటే ఎక్కడో సీలు వదిలేస్తోంది. ఆ సైకిలు రోడ్డెక్కకూడదు.

నూనె విషయంలో ఒక్క మాట చాలా గట్టిగా చెప్పాలి. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. హేస్, హోప్, చాలా శ్రామ్ మోడళ్లలో ఉండేది డాట్ ఫ్లూయిడ్. ఆటో స్పేర్స్ షాపుకెళ్లి బ్రేక్ ఆయిల్ అంటే వాళ్లు ఇచ్చేది డాట్ 3 లేదా డాట్ 4. అది షిమానో బ్రేకులో పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకంతా పాడవుతుంది. డాట్ బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా అంతే. మూత మీదో లీవర్ మీదో ఏ నూనో రాసి ఉంటుంది. శ్రామ్‌లోనే డిబి8, మావెన్ లాంటి కొత్తవి మినరల్ ఆయిల్‌తో వస్తున్నాయి కాబట్టి కంపెనీ పేరు చూసి ఊహించకండి, రాసింది చదవండి. బ్లీడింగ్ చేసేటప్పుడు ప్యాడ్లు, చక్రం తీసి పక్కన పెట్టాలి, పిస్టన్లు బయటికి రాకుండా మధ్యలో బ్లీడ్ బ్లాక్ అనే దిమ్మ ఉంచాలి. సిరంజీ, గరాటు కిట్టు లేకుండా, పక్కన చూపించేవాళ్లు లేకుండా మొదటిసారి చేయకండి.

ఒక పిస్టన్ కదులుతూ రెండోది బిగుసుకుపోయుంటే డిస్కు ఒకవైపే నొక్కుకుంటుంది. ప్యాడ్లు తీసి, లీవర్ మెల్లగా నొక్కి పిస్టన్‌ని కొద్దిగా మాత్రమే బయటికి రప్పించి, చెవి పుల్లకి ఐపీఏ తడిపి చుట్టూ తుడవండి. అదే బ్రేకులో వాడే నూనె ఒక్క చుక్క పుల్లతో అంచుకి రాసి, ప్లాస్టిక్ టైరు లివర్‌తో నెమ్మదిగా లోపలికి నెట్టండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే కదులుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి నెట్టకండి, కొన్ని పిస్టన్లు సిరామిక్‌వి, అంచు పగులుతుంది. ప్యాడ్లు పెట్టే ముందు మిగిలిన నూనె మొత్తం ఐపీఏతో తుడిచేయండి.

బెడ్డింగ్

అందరూ వదిలేసే పని ఇదే, నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది కూడా ఇదే. కొత్త ప్యాడ్, లేదా గీకిన ప్యాడ్, వేసిన వెంటనే సరిగా పట్టదు. ప్యాడ్ పదార్థం సన్నటి పొరగా డిస్కు చుట్టూ సమంగా అంటుకున్నాకే అసలు పట్టు వస్తుంది. ఆ పొర మనమే వేయాలి, దాన్నే బెడ్డింగ్ అంటారు.

తెల్లవారుజామున, బళ్లు లేని చదునైన రోడ్డు చూసుకోండి. గంటకి 20, 25 కిలోమీటర్ల వేగం అందుకుని, ఒక్క బ్రేకునే సమంగా, గట్టిగా నొక్కుతూ నడక వేగం దాకా తగ్గించండి. చక్రం లాక్ కాకూడదు, బండి పూర్తిగా ఆగకూడదు. ఆగేలోపే వదిలి మళ్లీ తొక్కండి. ముందుదానికి ఇరవైసార్లు, వెనకదానికి ఇరవైసార్లు చేయండి. మొదటి నాలుగైదు నొక్కుల్లో ఏమీ పట్టదు, కంగారు పడొద్దు. పదో నొక్కు దగ్గర లీవర్ కింద పట్టు పెరుగుతున్నట్టు వేళ్లకి తెలుస్తుంది. పూర్తిగా ఆపి, వేడిగా ఉన్న డిస్కుని నొక్కిపట్టి నిలబడితే ఆ ఒక్కచోట పదార్థం ఎక్కువ అంటుకుని తర్వాత దడదడమంటుంది, అందుకే ఆగొద్దంటున్నాను. పని అయ్యాక డిస్కుని తాకకండి, చర్మం అంటుకుపోతుంది. నీళ్లు పోయకండి, తనంతట తాను చల్లారనివ్వండి.

ఇదంతా చేశాక కూడా అరుపూ, పట్టకపోవడమూ రెండూ ఉన్నాయంటే ఆ ప్యాడ్లలో నూనె లోతుగా దిగింది. కొత్త జత వేయండి, వేసే ముందు డిస్కుని మళ్లీ ఐపీఏతో తుడవండి.

ఘాట్ దిగేవాళ్లకి

సింహాచలం కొండకో, అరకుకో వెళ్లే కుర్రాళ్లు నా దగ్గరికి వెళ్లే ముందు రోజు వస్తుంటారు. ముందు రోజు రాత్రి కొత్త ప్యాడ్లు వేయించుకుని తెల్లారి ఘాట్ ఎక్కకండి, బెడ్డింగ్ కాని ప్యాడ్ మొదటి దిగుడులోనే మాడిపోతుంది. కనీసం రెండు రోజులు ఊళ్లో తొక్కి వెళ్లండి.

లెక్క చూడండి. మనిషి, సైకిలు కలిపి 90 కిలోలు అనుకుందాం. 300 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 2 లక్షల 65 వేల జౌల్స్. లీటరు నీళ్లని మామూలు ఎండ వేడి నుంచి 90 డిగ్రీలు దాటించేంత వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది, కానీ భయపడి ఎంత నెమ్మదిగా దిగితే అంత ఎక్కువ వాటా ఆ రెండు పల్చటి డిస్కుల మీద పడుతుంది. అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు లీవర్ని కొద్దిగా నొక్కిపట్టి అలాగే మైళ్లకొద్దీ దిగితే ప్యాడ్ మాడి, కింద మలుపు దగ్గరికి వచ్చేసరికి పట్టు ఉండదు. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. డిస్కుకి గాలి తగలాలి. రెండు బ్రేకులూ వాడండి, బరువు ముందుకి వాలుతుంది కాబట్టి ఎక్కువ పని ముందుదానిదే. మాడిన వాసన వచ్చినా, లీవర్ మామూలు కన్నా లోపలికి వెళ్తున్నా పక్కకి ఆపి పావుగంట కూర్చోండి. డిస్కు నీలం రంగుకి తిరిగిందంటే బాగా వేడెక్కిందని గుర్తు. ఇంటికి వచ్చాక ప్యాడ్లు విప్పి నిగనిగ వచ్చిందేమో చూసుకోండి. బ్యాగులో ఒక జత ప్యాడ్లు, 5 ఎం.ఎం. కీ, మీ ప్యాడ్ పిన్నుకి సరిపోయే కీ ఉంచుకోండి. అరకులో ఆ ప్యాడ్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.